మీటరు ముల్లు

వీరభద్రను రమ్మంటే ఆయన పెండ్లాం బస్సు దిగింది.

భూపేష్ కోపానికి అదే మొదలు.

బద్వేలులో పరమేష్ మెకానిక్ షెడ్డు ముందర, చేతిలో రేకుపెట్టెతో అరవై ఏండ్ల ఆడమనిషి నిలబడి తన పేరు గంగక్క అని చెప్పుకునింది. తెల్లారకముందే కర్నూల్లో బస్సెక్కిందంట. నీళ్ళు తాగుతావా అని కూడా అడగలేదు ఆ పెద్దమనిషి.

భూపేష్ తొందర భూపేష్‌ది. నాయన తోలిన పాత అంబాసిడర్ అది. ఇంజను చెడిపోతే కొత్త డీజిల్ ఇంజను పెట్టించినాడు. మీటర్లు మాత్రం నాయన కాలంనాటివే ఉండాలని పట్టుబట్టినాడు. ఎల్లుండి అమ్మ కృష్ణవేణమ్మను ఆ కారులోనే అహోబిలం తీసుకుపోవాల. మొగుడు పోయిన మూడేండ్లలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

మీటర్లు బిగించినాక ఒకటే తంటా. అరగంట తోలితే చాలు, ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీతకు పోయి తగులుకుంటాంది.

మీటరు చెడితే కర్నూల్లో వీరభద్ర మీటర్ వర్క్స్ తప్ప యాడికీ పోవద్దని నాయన చెప్పేవాడు. ఆ మాట పట్టుకొని ఫోన్ చేస్తే, మనిషిని పంపిస్తానన్నాడు వీరభద్ర. పంపింది ఈమెను.

గంగక్క కారును చూడంగానే దీన్ని తోలే పెద్దాయన ఎట్లుండాడని అడిగింది. పోయినాడని పరమేష్ చెప్తే బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడింది. ఎల్లుండి అమ్మను అహోబిలం తీసుకుపోవాల, వచ్చిన పని చూడమని భూపేష్ కసిరినాడు.

చూసింది. వేడిని పట్టి మీటరుకు చెప్పే సెన్సర్ తన పెట్టెలోది తీసి, పాతదాని బదులు ఇంజనుకు బిగించింది. అరగంట తిప్పుకొని రమ్మనింది. ముల్లు మళ్ళీ ఎర్రగీతకే పోయింది.

"మీటరు నిజమే చెప్తాందప్పా. ఇంజనే కాగుతాంది. దీన్ని చల్లార్చేదానికి నీ పాత రేడియేటర్ చాలదు," అనింది.

కొత్త ఇంజనుకు వంక పెట్టేదానికి ఈమె ఎవరు? భూపేష్‌కు ఒళ్ళు మండింది.

నమ్మకపోతే కాగే నీళ్ళు తెప్పించమని, అందులో సెన్సర్ ముంచి ముల్లు యాడిదాకా పోతాదో చూపిస్తానని గంగక్క అడిగింది.

"మీటరు బాగుచేస్తారని పిలిస్తే, నీళ్ళు కాగబెట్టేదానికి వచ్చినావా? ఆ పని ఇంట్లో చేసుకో పో. మీ ఆయన్ను రమ్మను."

షెడ్డులో ఉన్నోళ్ళంతా నవ్వినారు. దాంట్లో నవ్వేదానికి ఏముందో నాకైతే ఈ పొద్దుకూ తెలీదు.

గంగక్క సెన్సర్ విప్పుకొని పెట్టె మూసింది. పోతా పోతా పరమేష్‌తో మాత్రం, ముసలామెను ఎక్కించుకొని ఈ బండిని దూరం పోనియ్యొద్దని చెప్పింది.

ముల్లు ఎర్రగీతకు పోకుండా చెయ్యమని భూపేష్ అంటే పరమేష్ ఒకసారి నసిగినాడు, అంతే. వైరుకు ఏదో అతికించి ముల్లును నడిమధ్యలో నిలబెట్టినాడు. ఇంక ఇంజను మండిపోయినా అది కదలదు. భూపేష్‌కు అదే నచ్చింది. మనుషులు కూడా అట్లనే ఉండాలనుకునే రకం.

అనుకున్న రోజు అహోబిలం దారిలో మైదుకూరు దాటినాక ఏదో కాలిన వాసన వస్తాందని కృష్ణవేణమ్మ అనింది. భూపేష్ ముల్లు చూపించి, ఏం లేదులేమ్మా అన్నాడు.

ఇంకో రెండు మైళ్ళకు బానెట్ కింద నుంచి పొగ లేచింది. ఇంజను పట్టేసి కారు నిలబడిపోయింది. ముల్లు మాత్రం నడిమధ్యలోనే ఉండాది.

మిట్టమధ్యాహ్నం ఎండలో, కంపచెట్ల పక్కన, డెబ్బై ఏండ్ల మనిషి మైలురాయి మీద కూర్చునింది.

"ముల్లు లేస్తే మీ నాయన బండి ఆపేవాడు. నువ్వు ముల్లును ఆపినావు," అనింది.

ఆటో పిలిపించుకొని ఇంటికి పోయింది. ఇంక ఆ కారు ఎక్కనని చెప్పేసింది.

సిగ్గుపడాల్సినోడు కర్నూలుకు కొట్లాటకు పోయినాడు.

పాతబస్తీ సందులో వీరభద్ర మీటర్ వర్క్స్ బోర్డు కనపడింది. దాని కింద కూర్చొని బియ్యంలో రాళ్ళు ఏరుతున్న ముసలాయనే వీరభద్ర. నువ్వు రాకుండా ఆడమనిషిని పంపినందుకే నా ఇంజను పోయిందని భూపేష్ వీధంతా వినపడేట్టు అరిచినాడు. మీటరును ఆయన ముందర పడేసి, ఇప్పుడన్నా చూడమన్నాడు.

వీరభద్ర గొంతు లేపలేదు. బద్వేలు నుంచి వచ్చిన రోజే గంగక్క ఇంక మీటరు ముట్టనని ఒట్టు పెట్టుకునిందని, పనిముట్ల పెట్టె పాతసామాన్లు కొనేటోనికి ఇచ్చేసి కూతురింటికి పోయిందని చెప్పినాడు.

"ఆమె పెట్టెతో నాకేం పని? నీ పెట్టె తియ్యి."

"నాకు మీటరు మూత తీసేది కూడా రాదప్పా," అన్నాడు వీరభద్ర, "ఆడమనిషి పేరుంటే నీయట్లోళ్ళు బండి తేరని బోర్డు మీద నా పేరు రాయించినాం గానీ, ముప్పై ఏండ్లు మీ నాయన మీటర్లు చూసింది మా గంగే."