నేల కింద దొంగ

మొదటి పెద్ద మంచు కురిసి ఆగిన పొద్దున, వెయికో తన వేడి దొంగిలిస్తున్నాడని ఆర్వోకి రూఢి అయిపోయింది.

వెయికో ఉండేది పక్కింట్లోనే. ఆర్వో భార్య హిల్మాకి సొంత తమ్ముడు. రెండిళ్ళ మధ్య మంచంతా తెల్లగా పరుచుకుని ఉంటే, ఒక్క గీత మేర కరిగి గడ్డి కనబడుతోంది. గీతకి అటు కొస వెయికో గోడ, ఇటు కొస ఆర్వో గోడ. కింద వేడినీళ్ళ పైపు ఉంటే తప్ప మంచు అలా కరగదు.

"షెడ్డులో మన కట్టెల బాయిలర్‌కి వాడు దొంగపైపు తగిలించాడే! వాడింటికి పొగగొట్టం లేదు. ఇంత చలిలో బనీనుతో తిరుగుతాడు. ఎట్లా?"

హిల్మా రొట్టెపిండి పిసుకుతూ, "ఏమో, వాణ్ణే అడగండి" అంది.

ఆర్వో భయం వేరే ఉంది. ఎండాకాలంలో ఇంట్లో పెద్ద గొడవైంది. ఈ వయసులో దుంగలు మోయొద్దు, మట్టిలోంచి వేడి తోడే మిషను పెట్టిద్దాం అని హిల్మా. నేను బతికుండగా ఈ ఇంటి నేల కింద పైపుల్లో కట్టెలతో కాగిన నీళ్ళే పారాలని ఆర్వో. తర్వాత ఆయన హెర్నియా ఆపరేషన్‌కి వెళ్ళి వారం ఆసుపత్రిలో ఉండి వచ్చాడు. అప్పట్నుంచీ ఆమె ఆ మాటెత్తలేదు. ఇప్పుడీ దొంగ వల్ల ఇల్లు చల్లబడిందా, మళ్ళీ ఎత్తుతుంది.

షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. డెప్యూటీ కార్లీన్ వచ్చి పెరడంతా తిరిగి చూసింది.

"కట్టెలు తొందరగా అయిపోతున్నాయా పెద్దాయనా?"

"లేదమ్మా, నిరుటికంటే సగమే కాలుతున్నాయి. మేపుల్ కట్టె అంటే అదీ! అయినా దొంగతనం దొంగతనమేగా."

"మీ షెడ్డు నుంచి ఇంట్లోకొచ్చే పైపేదీ?"

మోకాలి లోతు మంచులో కాలు దిగేసి చూపించాడు. "ఇదిగో, దీని కిందే."

కార్లీన్ ఏమాత్రం కరగని ఆ మంచు వంక చూసింది.

"బాయిలర్ ఆర్పేస్తా. కాళ్ళు చల్లబడి పరిగెత్తుకొచ్చినోడే దొంగ. రేపు నువ్వొచ్చి సాక్షిగా కూర్చో" అన్నాడు ఆర్వో.

నిప్పంతా లాగేశాడు. ఇంట్లోకొచ్చి ఉన్ని కోటు, చెవుల టోపీ, మందపాటి బూట్లు వేసుకున్నాడు. రాత్రి వాటితోనే పడుకున్నాడు. మర్నాటికి బాయిలర్ ఇనుము మంచుగడ్డలా అయిపోయింది.

కార్లీన్ వచ్చి వంటింట్లో ఎదురుగా కూర్చుంది. ఆర్వో నుదుటి మీంచి చెమట కారుతోంది.

"కోపం," అన్నాడు తుడుచుకుంటూ.

సాయంత్రం వెయికో బనీనుతో, చెప్పులేసుకుని, కరిగిన గీత మీదుగా నడుచుకుంటూ వచ్చాడు.

"వచ్చాడు! చలికి తట్టుకోలేక వచ్చాడు! పట్టుకో అమ్మాయ్!"

"అక్క కాఫీకి రమ్మంది బావా" అన్నాడు వెయికో.

కార్లీన్ కదల్లేదు. ఆమె ఎప్పుడో బూట్లు విప్పేసి ఉత్తకాళ్ళతో కూర్చుంది. "పెద్దాయనా, మీరూ ఓసారి బూట్లు విప్పండి" అంది.

ఆర్వో విప్పాడు. అరికాలు నేలకి ఆనించాడు, వెచ్చగా తగిలింది. హిల్మా వంక చూశాడు.

హిల్మా గిన్నెలు కడగడానికి కుళాయి తిప్పింది. పొగలు కక్కుతూ నీళ్ళొచ్చాయి.

"మీరు ఆసుపత్రిలో ఉన్న వారంలో పెట్టించాం. మిషను మాత్రం తమ్ముడింట్లో ఉంది, అక్కణ్ణించే మనకి వేడినీళ్ళొస్తున్నాయి" అంది, వెనక్కి తిరక్కుండానే.

"మరి నా కట్టెలు?"

"షెడ్డు వెచ్చబడుతోందిగా."

కార్లీన్ బూట్లు తొడుక్కోసాగింది. వెయికో యాలకుల రొట్టె కాఫీలో ముంచుకుంటూ అన్నాడు:

"నేనైతే నీ మీద కేసు పెట్టన్లే బావా."