తువ్వాలు

ఆమదాలవలస స్టేషన్ ఎదుట కట్టిన ఫ్లెక్సీని ప్రిస్కిల్లా రెండు చేతులా పట్టి చింపేసింది. 'మన శివంగి మళ్లీ బరిలోకి' అన్న అక్షరాలు, ఆమె ఫొటోతో సహా మట్టిలో పడ్డాయి.

"ఒసే, ఏటి సేస్తన్నావే!" అంటూ స్టాన్లీ పరిగెత్తుకొచ్చాడు. ఆమెకు మేనమామ. ఎంఎంఏ ఫైటింగ్ పోటీలకు ఆమెను తయారుచేసిన కోచ్ కూడా అతనే. "ఇరవై మూడేళ్లకే మానేస్తావేటి? జనం నీకోసం ఎదురుసూస్తన్నారు. మోచెయ్యి అతుక్కుందని డాక్టరే సెప్పీసేడు కదా!"

"సెయ్యి బాగానే ఉన్నాది మావా. ఫ్లెక్సీ సింపింది దాంతోనే."

"మరేటే నీ రోగం?"

"పట్టు ఇడిపించుకోలేనోలు నేలమీద తట్టితే ఆట ఆగిపోతాది. నువ్వేటి సెప్పేవు? 'నువ్వు తట్టొద్దు. మరీ పేనం మీదికొస్తే నానే తువ్వాలు ఇసిరి ఆపిస్తాను' అన్నావు. పోయిన పోటీలో ఆ పిల్ల నా సెయ్యి ఇరిసేస్తంటే, పళ్లు బిగబట్టి నీకేసే సూసేను."

"జనం అరుపుల్లో నాకు..."

"అరిపించింది నువ్వే! నాను తట్టకుండా ఓర్సుకుంటన్నానని, ఆ తువ్వాలే గిరగిరా తిప్పి జనంసేత ఈలలేయించేవు. నా ఎముక ఇరిగిన సప్పుడు ఇన్నాక కూడా తిప్పుతానే ఉన్నావు."

స్టాన్లీ చెమట తుడుచుకోవడానికి భుజం మీది తువ్వాలు కోసం తడుముకున్నాడు.

ప్రిస్కిల్లా దాన్ని లాక్కుని అతని కాళ్ల దగ్గర విసిరికొట్టింది.

"సూసేవా మావా? ఇసరడానికి ఇంతసేపే పడతాది."