రెండో సిలిండరు

"మా ఆయనకి ఊపిరాడట్లేదు! కరోనా వార్డులో బెడ్డు ఖాళీ లేదంట. మీ రెండో సిలిండరు ఇయ్యక్కా," అని పక్కింటి రజని గుమ్మంలో నిలబడి ఏడ్చింది.

"ఏటి సెయ్యనే? అదీ అయిపోనాది," అంది గున్నమ్మ.

"మొన్న మూడంతస్తులూ మోసుకొచ్చింది మా ఆయనే కదా! నిండుగా ఉందన్నాడు."

గున్నమ్మ తలుపు దగ్గరగా వేసింది. రజని ఇంకో తలుపు కొట్టడానికి పరుగెత్తింది.

లోపల మంచం మీద, ఆక్సిజన్ మాస్కుతో ఉన్న గున్నమ్మ భర్త శంకరరావు అంతా విన్నాడు. ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర ప్రమాదం సైరన్ మోగితే అందరినీ పంపాకే తాను కదిలిన ఫోర్‌మన్ ఆయన. తనను తిట్టి, సిలిండరు ఇచ్చెయ్యమంటాడని గున్నమ్మ ఎదురుచూసింది.

భర్త మాస్కు పక్కకు జరిపాడు.

"తలుపు గడియెట్టీ గున్నా. ఆ పిల్ల మళ్లీ వస్తాది."