అమ్మ మాట

“అమ్మని స్టేజీ ఎక్కిస్తావా? సిగ్గుందా నీకు?” అన్నాడు పెద్దవాడు, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోంచే.

చిన్నవాడు తలెత్తలేదు. వీధి వీధీ తిరిగి వాచిపోయిన పాదాలు ఉప్పు వేసిన వేడినీళ్ళ టబ్బులో ఉన్నాయి. మధ్యాహ్నమే ఓట్ల లెక్కింపు అయింది. తమ భాషకి బళ్ళో, కోర్టులో చోటు కావాలంటూ నిన్నగాక మొన్న పుట్టిన పార్టీ రాష్ట్రంలో మూడో వంతు సీట్లు ఎగరేసుకుపోయింది. అందులో ఒకటి అతనిది. ఆనందించే ఓపిక మాత్రం మిగల్లేదు.

“రేపు విజయసభ. మాది అమ్మభాష పార్టీ అన్నయ్యా. అమ్మ పక్కన లేకపోతే ఎలా?” అన్నాడు బొంగురు గొంతుతో.

“నాలుగు మెట్లు దిగితే ఆయాసపడే మనిషి. ఎండలో కూర్చోబెట్టి, దండేసి, ఫొటోలు తీయించుకుంటావు. అంతేగా?”

“మీ పార్టీ ఓడిందన్న ఏడుపు ఇక్కడికి తేకు.”

“జెండా మోసి మోసి నా భుజం అరిగిందిరా. ఒక్కనాడైనా అమ్మని వీధిలోకి లాగానా? అయినా నీ పెళ్ళాందే మన భాష కాదు. నువ్వు ఉద్ధరిస్తావా భాషని?”

టబ్బులో వేడినీళ్ళు పోస్తున్న కోడలి చెయ్యి ఆగింది. ప్రచారం పొడుగునా ఈ మాట పడుతూనే ఉంది. చెంబులో మిగిలిన నీళ్ళూ ఒంపేసింది.

“తన జోలికి రాకు,” అన్నాడు చిన్నవాడు.

“సరే. అమ్మని అడిగావా?”

“అడిగే తీరిక ఎక్కడేడ్చింది? ఇక్కడే కూర్చుని అన్నీ వింటోందిగా. ఇష్టం లేకపోతే చెప్పదూ?”

మంచం మీద ఆరిన బట్టలు మడతపెడుతున్న తల్లి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. మళ్ళీ మడతల్లో పడింది.

“చూశావా? మౌనం అర్ధాంగీకారం.”

“నీ మొహం! నిన్ను చూసి విసుగెత్తి నోరు మూసుకుంది.”

పెద్దవాడు విసవిసా మెట్లు దిగిపోయాడు. చిన్నవాడు తడికాళ్ళతోనే లేచి, “చచ్చేదాకా ఆ భాష కోసమే బతుకుతాను, విను!” అని అరవబోయాడు. గొంతు పెగల్లేదు. లోపలి గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

నేల మీద నీళ్ళు తుడుస్తున్న కోడల్ని తల్లి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఆ భాషలో ఇద్దరూ దేనికే అలా అరుచుకున్నారు? కాపురానికొచ్చి ఇన్నేళ్ళైనా నాకొక్క ముక్క అర్థమైతే ఒట్టు. నువ్వైనా మన పుట్టిళ్ళ భాషలో చెప్పు తల్లీ!”