ఉత్తుత్తి గుండెనొప్పి

కొండమీద ముక్కలైన చిన్న విమానాన్ని టీవీలో చూపిస్తుంటే నాకు నవ్వు ఆగలేదు. నడిపినవాడూ, ఎక్కిన షావుకారూ ఇద్దరూ పోయారట. పాపమే. కానీ దాన్ని నడపాల్సిన నా కొడుకు నా పక్కనే బనీనుతో కూర్చుని ఉన్నాడు!

వాడు డ్యూటీకి బయల్దేరినప్పుడల్లా నాకేదో ఒకటి వస్తుంది. కళ్ళు తిరుగుతాయి, కాలు బెణుకుతుంది. వాడు నవ్వేసి వెళ్ళిపోతాడు. అందుకే ఇవాళ పొద్దున గుండె పట్టుకుని, చేతిలో గ్లాసు వదిలేసి, దబ్బున కూలబడ్డాను. వాడు టోపీ విసిరేసి నన్ను ఆసుపత్రికి ఎత్తుకెళ్ళాడు. డాక్టరు గ్యాసన్నాడు.

"చూశావురా, నా గ్యాసే నిన్ను కాపాడింది! ఇక నన్ను పిరికి ముసలీ అని వెక్కిరించు, చెప్తా!"

వాడి బుగ్గలు పుణికాను. ఒళ్ళు దూదిపింజలా తేలిపోతుంటే సోఫా చుట్టూ గెంతాను. మోకాళ్ళ నొప్పులు కూడా గుర్తు రాలేదు.

"అమ్మా, ఊరుకో" అన్నాడు వాడు, బల్లమీది ఫోను వంకే చూస్తూ.

అది మోగింది. వాడు కదల్లేదు. నేనే తీశాను.

"అక్కయ్యగారా? మీకు గుండెనొప్పనీ, మీ అబ్బాయి బదులు తనే విమానం తీసుకెళ్తున్నాననీ మావాడు చెప్పి వెళ్ళాడండీ. అప్పట్నుంచీ ఒకటే కంగారు. ఇప్పుడెలా ఉంది మీకు?"

నేను రిమోటు వెతుక్కుని టీవీ సౌండు తగ్గించాను.