ప్రకటనకు వచ్చిన ఫోను

“అక్కా, మోత్కూర్ నుంచి మాట్లాడుతున్న. నాది విత్తనాల దుకాణం. గా వెబ్‌సైట్‌ల మీ చీరల ప్రకటన చూసిన. నేను గూడ పైసలు కట్టి ఇద్దామనుకుంటున్న. గిరాకి వస్తాందా?”

సుచరిత ఫోనును అరచేత్తో మూసింది. తాను ఇరవై వేలు కట్టి నాలుగు నెలలైంది. చీర అమ్ముడుపోవడం అటుంచి, బేరమాడిన మనిషే లేడు. వెబ్‌సైట్ వాళ్లను అడిగితే, కొత్తగా ఒకరిని చేర్పిస్తేనే డబ్బు వాపసు అన్నారు.

ఫోను మాటలు విని, మగ్గం గుంటలోంచి మామ పోచయ్య నవ్వాడు. “నీ ప్రకటన దినాం లచ్చమంది చూస్తుండ్రట గద బిడ్డా! వాళ్లు చెప్పులిడుస్తందుకే పోచంపల్లిల జాగ సాల్తలేదని చెప్పు.”

“జర ఊకో మామా. గాయన కడితే మన పైసలు మనకొస్తయి.”

“నువ్వు కట్టే ముందట ఎవర్నడిగినవ్?”

“మర్రిగూడల గిన్నెల దుకాణం సైదులన్నను. గాయన ప్రకటన గూడ గా వెబ్‌సైట్‌లనే ఉండె. మస్తు గిరాకి అన్నడు.”

అంటుండగానే ఆమెకు గుర్తొచ్చింది. ఆ మాట చెప్పే ముందు సైదులు చాలాసేపు దగ్గాడు.

“అక్కా, ఉన్నవా?”

సుచరితకూ దగ్గొచ్చింది. ఆపుకుంది.

“నాలుగు నెలలల్ల ఒక్కటే ఫోనొచ్చింది తమ్మీ,” అంది. “గది నీదే.”