నాలుగింటి ముద్ద

"ముద్ద దించు! దించమంటున్నానా!"

టైలరమ్మ అరుపుకి చిట్టి చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. బుగ్గలో అప్పటికే ఒక ముద్ద ఉంది. దాన్ని మింగాలో ఉమ్మాలో తెలియక గుడ్లప్పగించి తల్లిని చూసింది. తాతయ్య పోయాక ఖాళీగా ఉంటున్న కుర్చీలో చిట్టి, ఎదురుగా మంచం మీద నానమ్మ, మధ్యలో స్టూలు మీద పళ్ళెం. దాని నిండా అన్నం.

"బడిలో తిన్నది అరక్కముందే మళ్ళీ ఇదేమిటి అత్తయ్యా? రోజూ నాలుగయ్యేసరికి ఇదే వరసా?" మెడలో టేపు వేలాడుతుండగా టైలరమ్మ చేతిలోని స్కూలు గౌను ఎత్తి చూపించింది. "ఇదిగో, పక్క కుట్లు మళ్ళీ పిగిలాయి. అందరి బట్టలూ వదులు చేసే దాన్ని, నా కూతురి గౌను వదులు చెయ్యలేకపోతున్నాను. మడతలో ఇక గుడ్డ లేదు!"

"ఎదిగే పిల్ల కదమ్మా..." అత్తగారు నసిగింది.

"ఎదిగితే పొడుగవ్వాలి. ఇది అడ్డంగా పోతోంది. మెట్లెక్కి వస్తే చాలు, కుక్కపిల్లలా రొప్పుతోంది. ఆటల పీరియడ్‌లో అందరూ పరిగెడుతుంటే ఇది వాళ్ళ చెప్పులకి కాపలా కూర్చుంటోందట!"

చిట్టి తలొంచుకుంది. ఎందుకన్నానా అని టైలరమ్మ నాలుక కరుచుకుంది కానీ, పళ్ళెం మాత్రం తీసేసింది.

మర్నాడు బస్సు డిపోలో మెకానిక్ అయిన మొగుడి చేత సెలవు పెట్టించి, చిట్టిని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ బరువు చూసింది, ఎత్తు చూసింది. చిట్టిని బల్ల మీద నుంచి దించుతూ అడిగింది.

"ఇంట్లో అందరూ కలిసి తింటారా?"

మొగుడూ పెళ్ళాం మొహమొహాలు చూసుకున్నారు.

"నేను డ్యూటీ దిగినప్పుడు తింటానండీ," అన్నాడతను.

"నేను మిషను దగ్గర నుంచి లేచినప్పుడు," అంది టైలరమ్మ. "మా అత్తగారికి ఆవిడ గదిలోకే పంపిస్తాం."

"పిల్ల ఒక్కదాని కంచమే చిన్నది చేస్తే దానికి శిక్ష వేసినట్టుంటుంది. ఇంటిల్లిపాదికీ ఒకటే వంట, ఒకటే వేళ పెట్టుకోండి. తిన్నాక నలుగురూ కలిసి కాస్త నడవండి. ఇప్పుడున్న బరువు పెరక్కుండా చూస్తే చాలు, మిగతాది పొడుగు సర్దేస్తుంది."

ఇద్దరూ బుద్ధిగా తలూపారు. ఇంటికొచ్చాక మాత్రం అందులో తేలికైనదే పట్టుకున్నారు. నాలుగింటి పళ్ళెం ఆగిపోయింది. తక్కినదంతా మామూలే. చిట్టి ఎదురుగానే తండ్రి కరకరలాడే చిరుతిండి పొట్లం విప్పేవాడు, తల్లి మిషను తొక్కుతూనే ఏదో ఒకటి నోట్లో వేసుకునేది.

చిత్రమేమిటంటే చిట్టి ఏడవలేదు, మారాం చెయ్యలేదు. బడి నుంచి రాగానే నానమ్మ గది గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూసేది, అంతే. "చిట్టీ!" అని టైలరమ్మ కేకేస్తే వెనక్కి వచ్చేసేది.

చిక్కల్లా అత్తగారితోనే వచ్చింది. గదిలోకి పంపిన పళ్ళెం పంపినట్టే తిరిగొస్తోంది.

"మీ అమ్మగారు అలిగారు," అంది టైలరమ్మ మొగుడితో. "మనవరాలికి పెట్టనివ్వలేదని నా మీద కోపం అన్నం మీద చూపిస్తున్నారు."

"పోనీ, నువ్వే ఓ మెట్టు దిగరాదూ? పెద్దావిడ."

మెట్టు దిగుదామనే వెళ్ళింది. అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. లేపుదామని చెయ్యి పట్టుకుంటే పుల్ల పట్టుకున్నట్టుంది.

"అత్తయ్యా, నేనేం మీ మీద కక్షతో చెయ్యలేదు. దాని మంచి కోసమే..."

"నాకు తెలీదటమ్మా? నువ్వు చేసింది సబబే. నాకే ముద్ద గొంతు దిగట్లేదు."

ఆ మాటలో అలక లేదు. టైలరమ్మ ముట్టని పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. డాక్టరమ్మ చెప్పినదాంట్లో తాము వదిలేసింది అప్పుడు గుర్తొచ్చింది.

ఆ రోజు చీకటి పడకముందే మిషనుకి మూత వేసేసింది. కత్తిరింపుల బల్ల మీది గుడ్డలన్నీ ఎత్తేసి పళ్ళేలు పెట్టింది. అందరికీ ఒకటే. కాస్త అన్నం, బోలెడు కూర, పక్కన దోసకాయ ముక్కలు. మొగుడు చేతుల గ్రీజు కడుక్కొచ్చి, తన పళ్ళెం చూసుకుని, "ఏమిటే, నన్ను కూడా బళ్ళో వేశావా?" అన్నాడు. చిట్టి కిసుక్కున నవ్వింది. నానమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కనే కూర్చోబెట్టుకుంది.

అతను డిపో కబుర్లు మొదలెట్టాడు. బండి చెడిపోయిందని ఓ డ్రైవరు గోలగోల చేశాడట. తామంతా ఇంజను విప్పి తలలు బద్దలు కొట్టుకుంటే, చివరికి తేలిందేమిటయ్యా అంటే ట్యాంకులో చుక్క డీజిలు లేదట. వింటూ వింటూ ముసలావిడ ఒక ముద్ద పెట్టుకుంది. నవ్వాపుకుంటూ ఇంకోటి పెట్టుకుంది. కొడుకు మాటల్లో పడి పళ్ళెం ఖాళీ చేసి, ఇంకాస్త కూర కూడా వేయించుకుంది.

చిట్టి మాత్రం సగం తిని చెయ్యి కడిగేసుకుంది.

"అదేమిటే? మా మీద కోపమొచ్చిందా?" కంగారుగా అడిగింది టైలరమ్మ.

"లేదమ్మా. కడుపు నిండిపోయింది."

"మరి రోజూ నాలుగింటికి అంతంత పళ్ళెం ఎలా లాగించేదానివే తల్లీ?"

చిట్టి నానమ్మ వైపు ఓరగా చూసి, ఆవిడకి వినపడకుండా తల్లి చెవిలో నోరు పెట్టింది.

"నాకెప్పుడూ ఆకలి ఉండేది కాదమ్మా. తాతయ్య లేడుగా, నేనొక ముద్ద తింటేనే నానమ్మ ఒకటి తినేది... ఇప్పుడు మీరందరూ ఉన్నారుగా, ఇక నేను తినక్కర్లేదులే."